మాస్టారి కుడికాలు

ఆ ఊళ్ళో కారు నడిపే ప్రతి ముగ్గురిలో ఒకరికి ఆయనే గురువు. బ్యాంకు మేనేజరు, పళ్ళ డాక్టరు, కోర్టు గుమస్తా, ఇద్దరు కౌన్సిలర్లు, వాళ్ళ భార్యలు, అందరూ ఆయన పక్కన చెమటలు కక్కినవాళ్ళే. అందుకే పెద్దా చిన్నా అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. ఆయన కూడా ఆ పిలుపుకి తగ్గట్టే ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎవరేం అడిగినా ముందు ఒకసారి గొంతు సవరించుకోవడం. ఇరవై నాలుగేళ్ళుగా డ్రైవింగు నేర్పుతున్నాడు. ఇన్నేళ్ళలో స్కూలు కారుకి ఒక్క గీత పడలేదు. ఈ మాట ఆయన పెళ్ళిళ్ళలో చెబుతాడు, సెలూన్లో చెబుతాడు, ఎవరైనా పోతే పరామర్శకి వెళ్ళి అక్కడా చెబుతాడు. వినేవాళ్ళు తల ఊపుతారు. ఎందుకు పడలేదని మాత్రం ఒక్కరూ అడగలేదు, అడగాలని ఆయనకీ తోచలేదు.

స్కూలు కారంటే మామూలు కారు కాదు. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నట్టే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. ప్రమాదం ముంచుకొస్తే నేర్పేవాడు తొక్కడానికని పెట్టారు వాటిని. మన మాస్టారికి ప్రమాదం ఎప్పుడూ ముంచుకొస్తూనే ఉండేది. కుక్క కనబడితే ఒకసారి, సైకిలు కనబడితే ఒకసారి, ఏమీ కనబడకపోతే ఏదైనా వస్తుందేమోనని ఒకసారి ఆయన కుడికాలు బ్రేకు నొక్కేసేది. కారు బయల్దేరేటప్పుడు ఎడమకాలు క్లచ్చి సంగతి చూసుకునేది. నోరు మాత్రం "నెమ్మది, నెమ్మది, బ్రేకు మీద కాలు పెట్టు" అని పాఠం చెబుతూనే ఉండేది. ఆ పాఠం పూర్తయ్యేలోపు కాలు పని పూర్తి చేసేది. కారు మెత్తగా ఆగేది. నేర్చుకునేవాడు తనే ఆపాననుకునేవాడు. మాస్టారు తనే నేర్పాననుకునేవాడు. ఇద్దరూ సంతోషంగా ఇళ్ళకి పోయేవాళ్ళు.

ఆ రోజుల్లో పరీక్ష సర్కారు ఆఫీసులో ఉండేది. అదేదో గొప్పగా ఉండేదని ఎవరూ అనుకోనక్కర్లేదు. దరఖాస్తు పెట్టిన నాలుగు నెలలకి పిలుపొచ్చేది. ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో కూర్చుని, అట్ట మీద కాగితం పెట్టుకుని, ఎండకి రెప్పలు వాలుతుంటే టిక్కులు పెట్టేవాడు. భద్రత కోసం స్కూలు మాస్టారు పక్క సీట్లో ఉండొచ్చని నిబంధన. మాస్టారు ఉండేవాడు, ఆయనతో పాటు ఆయన కాలూ ఉండేది. అయినా వందలో నలభై మంది తప్పేవాళ్ళు. వెనక్కి నడపడం, రెండు కార్ల మధ్య నిలపడం లాంటివి కాలొక్కదాంతో అయ్యే పనులు కావు మరి. తప్పినవాళ్ళు సర్కారుని తిట్టుకుంటూ మళ్ళీ మాస్టారి దగ్గరికే వచ్చి ఇంకో పదిరోజులు నేర్చుకునేవాళ్ళు.

తర్వాత పైవాళ్ళకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆఫీసులో క్యూలు తగ్గాలంటే పరీక్షలు కూడా డ్రైవింగు స్కూళ్ళకే అప్పగిస్తే సరి అనుకున్నారు. నేర్పేదీ వాళ్ళే, పరీక్ష పెట్టేదీ వాళ్ళే, పాసయ్యాడని సంతకం పెట్టేదీ వాళ్ళే. వంట చేసినవాడే రుచి చూసి అదిరిపోయిందని రాసుకుంటే ఇంకెవరూ తిని చూడక్కర్లేదు కదా. ఈ వార్త వినగానే స్కూలు ఓనరు చంకలు గుద్దుకున్నాడు. ఈ ఓనరు అంతకుముందు పరుపులు అమ్మేవాడు. ఆయనకి డ్రైవింగు రాదు. కారెక్కితే వెనక సీట్లో పడుకుని, ఊరొచ్చాక లేస్తాడు. అయితే ఏ కాగితం ఏ బల్ల మీద పెడితే పని జరుగుతుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మూడు నెలల్లో అనుమతి తెచ్చుకున్నాడు.

అనుమతికి షరతులు లేకపోలేదు. ఆవరణలో తెల్లగీతలు గీయించాలి, కారు ఆపి మళ్ళీ ఎక్కించి చూడడానికి ఒక చిన్న ఎత్తు కట్టించాలి, కార్లో కెమెరా పెట్టాలి. నేర్పినవాడు తన శిష్యుడికి తనే పరీక్ష పెట్టకూడదు. గీతలు గీశారు. ఎత్తు కట్టారు. కెమెరా పెట్టారు, అది నడిపేవాడి మొహాన్నీ చేతుల్నీ బాగా చూస్తుంది, కాళ్ళ వైపు చూసే కెమెరా పెట్టమని ఎవరూ అడగలేదు. ఇక నాలుగో షరతుకి మాస్టారి కిందే పని నేర్చుకున్న చిన్న మాస్టారు ఉండనే ఉన్నాడు. ఈయన శిష్యులకి ఆయన, ఆయన శిష్యులకి ఈయన పరీక్ష పెట్టుకునేవాళ్ళు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని, ఒకరి శిష్యుల కాగితాల మీద ఒకరు ఎంతో నిష్పక్షపాతంగా సంతకాలు చేసేవాళ్ళు. మొదటి ఏడాది నాలుగు వందల పన్నెండు మంది పరీక్షకి వచ్చారు. నాలుగు వందల పన్నెండు మందీ పాసయ్యారు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ లెక్క చూసి అనుమానపడలేదు సరికదా, మిగతా స్కూళ్ళు ఈ స్కూలుని చూసి నేర్చుకోవాలని పుస్తకంలో రాసి, టీ తాగి వెళ్ళాడు. సర్కారు ఆఫీసు చేతకానితనాన్ని ఓనరు బయటపెట్టాడని పేపర్లో కూడా వచ్చింది.

ఇంతవరకు ఇది నవ్వుకుని వదిలేసే సంగతే. కానీ మాస్టారికి ఒక కూతురుంది.

ఆ అమ్మాయి నర్సు. క్లినిక్కు వార్డులో మూడేళ్ళు నిలబడి నిలబడి కాళ్ళు వాచాక, మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చి, ఇంజెక్షన్లు ఇచ్చి వచ్చే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఆ పని ఆమెకి ఇష్టం. ముసలివాళ్ళ దగ్గర ఓపిగ్గా కూర్చుని వాళ్ళు చెప్పేది వినగల మనిషి. ఆ ఉద్యోగానికి క్లినిక్కు కారిస్తుంది, అభ్యర్థి లైసెన్సు తెచ్చుకోవాలి, అది కూడా నెల ఒకటో తారీకులోపు. ఇంట్లోనే మాస్టారు ఉండగా దిగులేముంది? ఇరవై రోజులు పక్కన కూర్చుని నేర్పాడు. చిన్న మాస్టారు పరీక్ష పెట్టాడు. చిన్న మాస్టారి కాలు మాస్టారి కాలి దగ్గర శిష్యరికం చేసిందే కాబట్టి కారు ఆగాల్సిన చోటల్లా ఆగింది. లైసెన్సు చేతికొచ్చిన రోజున తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటోలో జుట్టు సరిగ్గా దువ్వుకోలేదని మాత్రం వంక పెట్టింది.

ఒకటో తారీకు సోమవారం పడింది. ఆదివారం పొద్దున్నే క్లినిక్కు వాళ్ళు తాళాలిచ్చి, ఒకసారి నడిపి అలవాటు చేసుకోమన్నారు. తెల్లటి చిన్న కారు, వెనక మందుల పెట్టెకి చోటుంది. కూతురు స్టీరింగు ముందు కూర్చుంది. మాస్టారు అలవాటుగా పక్క సీట్లో చేరాడు. నేర్పడం అయిపోయిందిగా, ఇంకా మీరెందుకండీ పక్కన అని చూడ్డానికి వెంట వచ్చిన భార్య క్లినిక్కు గేటు దగ్గర నుంచి నవ్వింది. మొదటిరోజు కదా అన్నాడాయన.

బయల్దేరేలోపే ఇంజను రెండుసార్లు ఆగిపోయింది. క్లచ్చి గట్టిగా ఉన్నట్టుందన్నాడు మాస్టారు. క్లచ్చి బాగానే ఉంది. మూడోసారి కారు ఒక గెంతు గెంతి కదిలింది. క్లినిక్కు ముందున్న వీధి మలుపు తిరగగానే సిగ్నల్ దాకా పల్లం. ఆ పల్లం అడుగున చెత్తలారీ ఆగి ఉంది. లారీ వెనక పనివాడొకడు డబ్బా ఎత్తి ఒంపుతున్నాడు. నెమ్మది, బ్రేకు మీద కాలు పెట్టు అన్నాడు మాస్టారు. ఆమె పెట్టింది. పెట్టిందంతే, నొక్కలేదు. ఇరవై రోజులూ కాలు పెడితే చాలు, కారు దానంతటదే ఆగింది. మాస్టారి కుడికాలు మాత్రం తన పని తను చేసింది. కింద పరిచిన రబ్బరు పట్టాని బలంగా నొక్కింది. ఇంకోసారి నొక్కింది. కారు అలా పోతూనే ఉంది.

పనివాడు ఖాళీ డబ్బా దించడానికి ఒక అడుగు పక్కకి వేశాడు. అందువల్లే బతికాడు. అతను అప్పటిదాకా నిలబడ్డ చోటులోంచి కారు దూసుకెళ్ళి లారీని గుద్దింది. బానెట్టు ముడతలు పడి పైకి లేచింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. పనివాడు డబ్బా పట్టుకునే రోడ్డు మీద కూలబడ్డాడు.

కూతురు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి తండ్రి వైపు తిరిగింది. మొహంలో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"నువ్వు బ్రేకు వెయ్యలేదేం నాన్నా?" అంది.

అన్నాక ఆ మాట ఆమె చెవిన ఆమెకే పడింది. వంగి ముందు తన కాళ్ళ వైపు, తర్వాత ఆయన కాళ్ళ వైపు చూసింది. ఆయన కుడికాలు ఇంకా పట్టాని నొక్కిపట్టే ఉంది. ఆమె కారు దిగి, రోడ్డు మీద కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్ళి, అతని నాడి పట్టుకుని చూసింది. చుట్టూ జనం పోగయ్యారు. మాస్టారు గొంతు సవరించుకుని, క్లినిక్కు బండి కదా, బ్రేకులు సరిగ్గా చూసుకోరు వెధవలు, అని అందరికీ వినబడేలా చెప్పాడు. మాస్టారంతటివాడు చెప్పాడు కాబట్టి జనం నమ్మారు. కూతురు తలెత్తి ఒకసారి ఆయన్ని చూసి మళ్ళీ తల దించుకుంది.

ఆ సాయంత్రం ఆయన స్కూలుకి వెళ్ళాడు. ఆదివారం కావడంతో ఆవరణలో ఎవరూ లేరు. స్కూలు కారు తలుపులు రెండూ తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని పెడళ్ళ వైపు చూశాడు. ఆ కారు కొని నాలుగేళ్ళయింది. నేర్చుకునేవాళ్ళ వైపు బ్రేకు రబ్బరు మీద గీతలు నిన్న బిగించినట్టు పదునుగా ఉన్నాయి, మధ్యలో కంపెనీ గుర్తు కూడా చెరగలేదు. ఆయన వైపు బ్రేకుకి రబ్బరు అరిగిపోయి ఇనుము కనబడుతోంది, ఆ ఇనుము కూడా నునుపు తేలింది. ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, ఆ కారుని ఇన్నాళ్ళూ నడిపింది ఎవరో అక్కడ రాసినట్టే ఉంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. మామూలు మనిషైతే అక్కడ కూర్చుని ఏడ్చేవాడు. మాస్టారు తలుపులు వేసి, రబ్బర్లు మార్పించాలనుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇంటికొచ్చి కూతురికి హితబోధ చేశాడు. ఈ సంగతి పైకి పొక్కనివ్వొద్దు, కారు మరమ్మతయ్యేదాకా రెండో కారు అడుగు, నాలుగు రోజులు ఖాళీ రోడ్డు మీద తిప్పితే చెయ్యి తిరుగుతుంది, అన్నాడు. ఆమె వింది. సోమవారం పొద్దున క్లినిక్కు పెద్ద దగ్గరికి వెళ్ళి, కారు బ్రేకులు బాగానే ఉన్నాయి, నాకే నడపడం రాదు, అని చెప్పేసింది. క్లినిక్కు పెద్దకి ఆ మాట అర్థం కాలేదు. లైసెన్సుందిగా అన్నాడు. ఉంది కానీ డ్రైవింగు రాదంది. లైసెన్సుంటే మాకు చాలు అన్నాడు. నాకు చాలదంది. ఇలా కొంతసేపు సాగాక ఆయనకి చిరాకేసింది. లైసెన్సు ఉండి కూడా నడపనని మొరాయించే మనిషి ఆయనకి అంతవరకు తగల్లేదు. మళ్ళీ వార్డులోకి పొమ్మన్నాడు.

ఇది విన్నాక మాస్టారికి ఆ రోజు అన్నం సయించలేదు. అంత మాత్రం సిగ్గు ఆయనలో ఉంది, అది కాదనకూడదు. మంగళవారం పరీక్ష పెట్టేటప్పుడు కాళ్ళు రెండూ వెనక్కి లాగి సీటు కింద ముడుచుకున్నాడు. ఆ రోజు ఆరుగురు వచ్చారు. మొదటివాడు బట్టల షాపు యజమాని, ఆగమన్న గీత దగ్గర ఆగకుండా పోయి, రబ్బరు స్తంభాలు మూడింటిని పడగొట్టి, కారుకి ఒంట్లో బాగాలేదేమో చూడండి మాస్టారూ అన్నాడు. రెండో ఆవిడ ఎత్తు ఎక్కబోయి వెనక్కి జారి, గోడకి ఆనుకుని ఆగింది. ఇరవై నాలుగేళ్ళకి స్కూలు కారు మీద మొదటి గీత అప్పుడు పడింది. మూడో మనిషి బయల్దేరనే లేదు. మిగతా ముగ్గురి సంగతీ ఇంతే. ఆరుగురూ దిగేటప్పుడు తిట్టింది మాత్రం మాస్టారినే. చిన్న మాస్టారి మీద కడుపుమంటతో అతని శిష్యుల్ని తప్పించాడేమోనని ఆయన ముందే గుసగుసలాడారు.

ఓనరు తన గదిలోకి పిలిచాడు. కేకలేస్తాడని మాస్టారు సిద్ధపడి వెళ్ళాడు. నిజం చెప్పేద్దామని కూడా అనుకున్నాడు. నాలుగు వందల పన్నెండు మందిని మళ్ళీ పిలిపించాలి, కాళ్ళు దగ్గర పెట్టుకుని మళ్ళీ నేర్పాలి అని దారిపొడవునా మాటలు కూర్చుకున్నాడు. ఓనరు లేచి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"కాలు నొప్పిగా ఉంటే రెండ్రోజులు సెలవు పెట్టండి మాస్టారూ. అలా ముడుచుకుని కూర్చోకండి, మన స్కూలంతా దాని మీదే నిలబడింది" అన్నాడు.

మాస్టారు అందుకున్న గ్లాసు అలాగే పట్టుకున్నాడు. అంటే ఈయనకి తెలుసు. డ్రైవింగే రాని ఈ పరుపుల మనిషికి ముందునుంచీ తెలుసు. చిన్న మాస్టారికీ తెలుసు, బండ్లు కడిగేవాడికీ తెలుసు. తెలియనిది తన ఒక్కడికే. తన పాఠాన్ని చూసి గౌరవిస్తున్నారనుకున్నాడు, వాళ్ళు ఇన్నాళ్ళూ ఒక కాలుని పోషిస్తున్నారు. ఆ అవమానానికి వేరే మనిషైతే రాజీనామా రాసి బల్ల మీద కొట్టేవాడు. మాస్టారికి పింఛనుకి ఇంకా మూడేళ్ళుంది. ఆయన మంచినీళ్ళు తాగి, నొప్పి తగ్గిందని చెప్పి వచ్చాడు.

బుధవారం ఏడుగురు వచ్చారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎంతమంది పాసయ్యారని కూతురు అడిగింది. ఆయన అన్నం కలుపుకున్నాడు. తర్వాత ఏడుగురని చెప్పాడు. భార్య వడ్డించేదల్లా గరిటె ఆపి మొగుడి మొహంలోకి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

కూతురు చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నా ఉద్యోగం ఎవరికిచ్చారో తెలుసా నాన్నా? మా వార్డులోనే కళ్ళజోడు పెట్టుకునే అమ్మాయికి. తను చిన్న మాస్టారి దగ్గర నేర్చుకుంది. పరీక్ష కాగితం మీద సంతకం నీది."

మాస్టారికి ఆ పిల్ల గుర్తొచ్చింది. పోయిన నెలలో వచ్చింది. గీత దాటబోయింది, దాటలేదు. దాటకుండా ఎవరాపారో ఇప్పుడు ఆయనకి తెలుసు.

తను వెళ్ళి చెబితే ఉద్యోగం పోయిన కుళ్ళుతో అంటోందనుకుంటారని, ఆయన వెళ్ళి చెప్పాలని కూతురు అడిగింది. అందరికీ కాకపోయినా ఆ ఒక్కదానికైనా చెప్పు, రేపటి నుంచి తనే కారు తీస్తుంది, ఆ పల్లంలోంచే వెళ్ళాలి, అంది. బతిమాలలేదు, కోప్పడలేదు. ఆయన సరేనన్నాడు. పొద్దున్నే వెళ్తానని మాటిచ్చాడు.

మాట ప్రకారమే వెళ్ళాడు కూడా. గురువారం ఎనిమిది గంటలకల్లా క్లినిక్కు గేటు దగ్గరున్నాడు. రెండో కారు గేటు బయట నిలబెట్టి ఉంది. కళ్ళజోడు అమ్మాయి మందుల పెట్టె వెనక సర్దుతూ ఆయన్ని చూసింది. పెట్టె వదిలేసి పరుగున వచ్చింది. కొత్త చెప్పులు, ఇస్త్రీ చేసిన తెల్లకోటు. మీ స్కూలు చలవే మాస్టారూ అంది. మా ఇంట్లో కారు నడిపే ఆడపిల్లని నేనే మొదటిదాన్ని, మా అమ్మ వీధంతా డప్పు కొట్టింది, మీ పేరు చెప్పుకుంటున్నాం, అంది. గేటు కాపలావాడు కూడా ఇటే చూస్తూ దండం పెట్టాడు. అతని అల్లుడు కూడా మాస్టారి శిష్యుడే.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. చెప్పాల్సింది పెద్ద ఉపన్యాసమేమీ కాదు. నీకు డ్రైవింగు రాదమ్మా, కారు ఎక్కకు, అంటే సరిపోతుంది. ఆ నాలుగు ముక్కలూ నాలుక చివర దాకా వచ్చాయి. అవి అనేస్తే రేపు ఈ కాపలావాడు దండం పెట్టడు, పెళ్ళిళ్ళలో ఎవరూ పక్కకి జరిగి చోటివ్వరు, మాస్టారూ అనే పిలుపు వెటకారమైపోతుంది. ఇవన్నీ ఆయన కళ్ళ ముందు చకచకా తిరిగాయి. ఆ పిల్ల కారు తలుపు తెరిచింది.

"మీ స్కూలు మీదుగానే వెళ్తున్నా మాస్టారూ. ఎక్కండి, దింపేస్తాను."

ఆయన ఒక అడుగు వెనక్కి వేసి ఫుట్‌పాత్ ఎక్కాడు.

"వద్దమ్మా, డాక్టరు నడవమన్నాడు" అన్నాడు. ఊరికే ఉండకుండా, నెమ్మదిగా వెళ్ళమని జాగ్రత్త కూడా చెప్పాడు.

ఆమె నవ్వి, ఆయన మాట తప్పకుండా పాటిస్తానన్నట్టు తల ఊపి స్టీరింగు ముందు కూర్చుంది. ఇంజను ఒకసారి ఆగిపోయింది. రెండోసారి కారు గెంతి కదిలింది. ఏ డాక్టరూ ఆయన్ని నడవమనలేదు. కారు మలుపు తిరిగి పల్లంలోకి దిగేదాకా ఆయన ఫుట్‌పాత్ మీద నుంచి దిగలేదు.